యుద్ధకాలపు బ్యాడ్జి అసలుదో కాదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక బ్యాడ్జీలు సేకరించడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ఎర్ర గుడ్డ మీద పసుపు రంగు చెయ్యి కత్తి పట్టుకున్న బ్యాడ్జి ఒకటి 1,500 రూపాయలకు కొన్నాను. అది 19వ ఇండియన్ డివిజన్‌దనీ, యుద్ధకాలానిదనీ అమ్మినాయన చెప్పాడు. న్యూజెర్సీలో ఉండే మా బావ అక్కడి పాత వస్తువుల సంతలో దొరికిన అమెరికన్ సీబీఐ (చైనా–బర్మా–ఇండియా యుద్ధరంగం) ప్యాచ్ ఒకటి పంపాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకాయన బర్మాలో పోరాడిన 'మెరిల్స్ మరోడర్స్' అనే అమెరికన్ దళం ప్యాచ్ 40,000 రూపాయలకు ఇస్తానంటున్నాడు. యూవీ లైటు కింద అది మెరవడం లేదని వీడియో తీసి పంపాడు. ఒక అమెరికన్ సైనికుడి కుటుంబం నుంచి వచ్చిందట. రేపటిలోగా అడ్వాన్స్ వెయ్యమంటున్నాడు. మళ్ళీ ఇలాంటిది దొరకదేమోనని టెన్షన్‌గా ఉంది. కొనమంటారా? అసలు ఇవి నిజమైనవో కావో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: అడ్వాన్స్ వెయ్యకండి. ఆ ప్యాచ్ నకిలీదని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనలేరు. కానీ ఆయన చూపించిన రుజువు 40,000 రూపాయలకు సరిపోయేది కాదు. అది ఎందుకు సరిపోదో తెలియాలంటే మీ చేతిలో ఉన్న కత్తి బ్యాడ్జితో మొదలుపెడదాం. మీ మూడింటిలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది అదే.

ఏ బ్యాడ్జి అయినా చేతికి రాగానే "ఇది అసలుదా, నకిలీదా?" అని అడగాలనిపిస్తుంది. దానికి ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఇది ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో తయారైందని అమ్మేవాడు అంటున్నాడు? ఆ మాట స్పష్టంగా రాబట్టాకే పరీక్ష మొదలవుతుంది. గుడ్డ, దారం, కుట్టు, అంచు, వెనకవైపు, రంగు వెలిసిన తీరు, ఇవన్నీ ఆ మాటకు సరిపోవాలి. ఒక్కటి ఖచ్చితంగా అడ్డం తిరిగినా ఆ మాట నిలబడదు. అన్నీ సరిపోతే "యుద్ధకాలానిది అయ్యే అవకాశం బాగా ఉంది" అనవచ్చు, అంతకంటే గట్టిగా చెప్పడానికి బ్యాడ్జితో పాటు ఇంకేదైనా ఆధారం ఉండాలి.

19వ ఇండియన్ డివిజన్‌కు మీ ఊరితో సంబంధం ఉంది. అది 1941 అక్టోబర్‌లో సికింద్రాబాద్‌లోనే ఏర్పడింది. మేజర్ జనరల్ పీట్ రీస్ నాయకత్వంలో, బ్రిటిష్ జనరల్ స్లిమ్ నడిపిన 14వ ఆర్మీలో భాగంగా బర్మా వెళ్ళి, 1945 జనవరిలో ఐరావతి నది దాటి, మార్చిలో మాండలే పట్టుకుంది. ఆ చెయ్యీ కత్తీ గుర్తు వల్లే దానికి డ్యాగర్ డివిజన్ అని పేరు. అలాంటి బ్యాడ్జి హైదరాబాద్ సంతలో దొరకడంలో వింతేమీ లేదు. అయితే అది యుద్ధకాలానిదే అని చెప్పడానికి ఈ సంబంధం చాలదు. మీలాంటి కొత్త సేకర్తలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ డివిజన్లు పెట్టుకున్న గుర్తులు చాలావరకు యుద్ధంతో అంతరించలేదు. స్వాతంత్ర్యం తరవాత మన సైన్యంలో అవే నంబర్లతో, అవే గుర్తులతో డివిజన్లు కొనసాగాయి, కొన్ని కొత్తగా ఏర్పడ్డాయి. 4వ డివిజన్ ఎర్ర గద్ద, 17వ డివిజన్ నల్ల పిల్లి, 19వ డివిజన్ కత్తి, 25వ డివిజన్ ఇస్పేటు ఆసు, ఇవన్నీ ఈనాటికీ బతికి ఉన్న గుర్తులు. 7వ డివిజన్ బంగారు బాణం కథ ఇంకా చిత్రం. 1947లో ఆ డివిజన్ పాకిస్తాన్‌కు వెళ్ళింది, అక్కడ ఆ గుర్తు అలాగే ఉంది. తరవాత మన సైన్యంలో ఏర్పడిన 7వ డివిజన్ కూడా బంగారు బాణాన్నే పెట్టుకుంది. అంటే ఒకే బాణం మూడు సైన్యాల భుజాల మీద ఉంది. 1944లో ఇంఫాల్ దగ్గర పోరాడిన సైనికుడు పెట్టుకున్నదీ, 1975లో మన జవాను ఒకరు పెట్టుకున్నదీ దూరం నుంచి చూస్తే ఒకలాగే ఉండవచ్చు. రెండోది నకిలీ కాదు, నిజమైన సైనికుడి నిజమైన బ్యాడ్జే. దాన్ని యుద్ధకాలానిదని అమ్మితే మాత్రం మోసం. ఇండియన్ ఫార్మేషన్ బ్యాడ్జీలలో (డివిజన్ల వంటి పెద్ద దళాల గుర్తులలో) కొత్తగా కుట్టిన నకిలీల కంటే, ఇలా తరవాతి కాలం వాటిని వెనక్కి జరిపి అమ్మడం వల్లే ఎక్కువ ప్రమాదం అని నా నమ్మకం.

మరి కాలాన్ని ఎలా పట్టుకోవాలి? బొమ్మ మీద ఆధారపడకండి. యుద్ధకాలంలో ఇండియాలో తయారైన బ్యాడ్జీలు ఒక్కచోట, ఒక్క నమూనాతో తయారైనవి కావు. కంటోన్మెంటు దర్జీలు కుట్టారు, బజారులో ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు కుట్టారు, గుడ్డ మీద అచ్చువేసినవి ఉన్నాయి, ఫెల్టు ముక్కలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి కుట్టినవి ఉన్నాయి, ఆఫీసర్లు తమ ఖర్చుతో జరీతో చేయించుకున్నవీ ఉన్నాయి. కత్తి కాస్త పొట్టిగా ఉందనో, వేళ్ళు వంకరగా ఉన్నాయనో ఒకదాన్ని పక్కన పెట్టడానికి లేదు. పైగా బ్రిటిష్ పద్ధతిలో చాలా గుర్తుల్ని రెండు భుజాలకూ జతగా పెట్టుకునేవాళ్ళు, బొమ్మ ముందువైపు చూసేలా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పి చేసేవాళ్ళు. కాబట్టి పుస్తకంలో ఉన్న బొమ్మకు మీది అద్దంలో ప్రతిబింబంలా ఉంటే కంగారు పడకండి.

బొమ్మ వదిలేసి, బ్యాడ్జిని తిరగెయ్యండి. నకిలీ చేసేవాడి శ్రద్ధంతా ముందువైపే ఉంటుంది కనుక వెనకవైపు ఎక్కువ నిజాలు బయటపడతాయి. పగటి వెలుగులో, దర్జీలు వాడే భూతద్దంతో చూడండి. మొదట వెతకాల్సింది పాలిస్టర్ దారం. పాలిస్టర్‌కు బ్రిటన్‌లో 1941లోనే పేటెంటు తీసుకున్నా, అది బజారులోకి వచ్చింది 1950లలో. ఎంబ్రాయిడరీ కుట్టిన దారమే పాలిస్టర్ అయితే ఆ బ్యాడ్జి రెండో ప్రపంచ యుద్ధానిది కాదు, ఇక వాదన అనవసరం. ఒక్క జాగ్రత్త: బ్యాడ్జిని చొక్కాకు తగిలించిన దారం వేరు, బ్యాడ్జిని తయారుచేసిన దారం వేరు. పాత బ్యాడ్జిని ఎవరో తరవాత కొత్త దారంతో ఒక గుడ్డకు కుట్టి ఉండవచ్చు.

రెండోది, బొమ్మ వెనక అంటించిన పొర. ఇప్పుడు బొటిక్‌లలో ఫ్యూజింగ్ అని వాడతారే, ఇస్త్రీ పెట్టెతో అతుక్కునేది, అది గానీ, కాగితంలా చింపగలిగే తెల్ల పేపర్ క్యాన్వాస్ గానీ, ప్లాస్టిక్ పూత గానీ కనిపిస్తే అది ఈ మధ్య కాలంలో తయారైనట్టే. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కుట్టు కూడా ఇక్కడే దొరికిపోతుంది. కుట్లన్నీ ఒకే పొడవు, ఒకే దగ్గరితనం, ఒక రంగు నుంచి ఇంకో రంగు భాగానికి దారం దూకిన చోట వెనక తిన్నని గీతలు. మనిషి చెయ్యి తిప్పిన మెషిన్ కుట్టు అంత సమంగా రాదు, మూలల్లో కుట్లు కిక్కిరిసి, వంపుల్లో సాగి ఉంటాయి.

దారం ఒకటి దానంతట అదే ఊడి వేలాడుతుంటే, దాన్ని మాత్రమే తీసి పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడవచ్చు. నూలు కాగితంలా మండి మెత్తటి బూడిద అవుతుంది. ఉన్ని అయితే, వెంట్రుకలు కాలిన వాసనతో ముడుచుకుంటుంది. పాలిస్టర్, నైలాన్ కరిగి గట్టి పూసలా అవుతాయి. రేయాన్ కూడా నూలులాగే మండుతుంది, అది యుద్ధకాలంలోనూ ఉంది కాబట్టి దాన్ని చూసి ఏదీ తేల్చకండి. పరీక్ష కోసం బ్యాడ్జి నుంచి దారం లాగడం మాత్రం చెయ్యవద్దు. ఎనభై ఏళ్ళు బతికిన గుడ్డను అనుమానం తీర్చుకోవడానికి పాడుచేసే హక్కు మనకు లేదు.

ఇక యూవీ లైటు. ఆన్‌లైన్ ఆయన వీడియోలో చూపించింది ఇదే. ఈ పరీక్ష పనికిరానిదేమీ కాదు. ఇప్పటి సింథటిక్ దారాలు చాలావరకు ఆ వెలుగులో నీలం కలిసిన తెలుపుతో మెరుస్తాయి, పాత నూలు సాధారణంగా మెరవదు. కానీ ఇది రెండువైపులా తప్పుతుంది. బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బు పొడుల్లో కలిపే రసాయనాలు యుద్ధం తరవాతే ఇళ్ళలోకి బాగా వచ్చాయి. ఒక అసలైన ప్యాచ్‌ను 1960లో ఎవరో ఇల్లాలు చొక్కాతో సహా అలాంటి పొడిలో ఉతికితే చాలు, అది జీవితాంతం మెరుస్తుంది. ఇటు చూస్తే, మెరవని నూలు దారం ఈరోజు కూడా దొరుకుతుంది, శ్రద్ధగా నకిలీ చేసేవాడు దాన్నే కొంటాడు. మెరిస్తే అనుమానించి ఇంకా పరీక్షించాలి. మెరవకపోతే ఏమీ తేలలేదని అర్థం. "మెరవలేదు, కాబట్టి అసలుది" అని ఒక అమ్మకందారుడు అన్నాడంటే ఆయనకు పరీక్ష తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

వయసు పైపైన పూసినదా, నిజంగా వచ్చినదా అన్నది కూడా చూడాలి. టీ నీళ్ళలోనో కాఫీలోనో ముంచి పాతదిలా చేస్తారు. ఆ మరక ముందూ వెనకా, మడతల లోపలా ఒకే గోధుమ రంగులో సమంగా పాకుతుంది. నిజమైన వాడకం అలా ఉండదు. ఎండ తగిలిన ముందువైపు వెలుస్తుంది, వెనక రంగు తాజాగా ఉంటుంది, లోపలికి మడిచి కుట్టిన అంచు విప్పితే అసలు రంగు అక్కడ బయటపడుతుంది. చొక్కాకు కుట్టి విప్పిన బ్యాడ్జి అయితే అంచు వెంబడి సూది రంధ్రాలు, వాటిలో ఇరుక్కున్న పాత దారం తునకలు ఉండాలి. చిమ్మెటలు ఉన్నిని తింటాయి, పక్కనే ఉన్న నూలు కుట్టును సాధారణంగా ముట్టుకోవు. రెండింటి మీదా ఒకే తీరులో రంధ్రాలుంటే ఎవరో చేత్తో చేశారని అనుకోవాలి. అసలు వాడని, కొత్తదిలా మెరిసే యుద్ధకాలపు బ్యాడ్జీలు కూడా చాలా ఉన్నాయి. గోదాముల్లో మిగిలిపోయినవి అవి. శుభ్రంగా ఉందని మాత్రమే దేన్నీ కొట్టిపారెయ్యకండి.

బావ పంపిన సీబీఐ ప్యాచ్ విషయానికి వస్తే, చైనా–బర్మా–ఇండియా రంగంలో ఉన్న అమెరికన్లది ఆ గుర్తు. డాలు ఆకారం, కింద ఎరుపు తెలుపు చారలు, పైన నీలం మీద చైనా సూర్యుడు, భారతదేశపు నక్షత్రం. అక్కడి అమెరికన్ సేనాధిపతి జనరల్ స్టిల్‌వెల్‌ను 1944 అక్టోబర్‌లో వెనక్కి పిలిచాక ఆ రంగాన్ని రెండుగా విడగొట్టారు కానీ, ప్యాచ్ మాత్రం సైనికులు ఎంతో ఇష్టంగా ఉంచుకున్నారు. ఇది విరివిగా దొరికేది, కాబట్టి మీ బావ సంతలో కొన్నది నిజమైనదే అయ్యే అవకాశం బాగుంది. అమెరికాలో తయారైనది అయితే నూలు దారంతో నిండుగా మెషిన్ ఎంబ్రాయిడరీ ఉండాలి. అంచు ఓవర్‌లాక్ చేసినట్టు తాడులా ఉబ్బి ఉండకూడదు, ఎంబ్రాయిడరీ అయిపోయిన చోట కత్తిరించినట్టు చదునుగా ఉండాలి. సేకర్తలు దీన్ని కట్ ఎడ్జ్ అంటారు. ఉబ్బెత్తు అంచును మెరో ఎడ్జ్ అంటారు, ప్యాచ్‌ల మీద అది విరివిగా వచ్చింది 1960లలో. వెనక తెల్ల బాబిన్ దారం (మెషిన్ కింది దారం) మంచు పరిచినట్టు కనిపించడం ఆనాటి అమెరికన్ ప్యాచ్‌లలో మామూలే.

మీ బావ పంపినది ఇండియాలో తయారైనది అయితే ఈ లెక్కలేవీ వర్తించవు, నా మటుకు అదే ఎక్కువ ఆనందం. అమెరికన్ సైనికులు కలకత్తాలోనూ ఇతర ఊళ్ళలోనూ మన పనివాళ్ళ చేత జరీతో, పట్టుదారంతో, తోలు మీద సీబీఐ ప్యాచ్‌లు చేయించుకున్నారు. వీటిలో సూర్యుడి కిరణాలు ఒక్కొక్కదానిలో ఒక్కోలా ఉంటాయి. ఇలాంటి జరీ ప్యాచ్ మీ చేతికి వస్తే, అమెరికాలో ఉన్న ఏ సేకర్తకూ లేని సౌకర్యం మీకుంది. పాతబస్తీలో జర్దోజీ చేసే పెద్దవయసు కారీగర్‌కో, మగ్గం వర్క్ బాగా తెలిసిన మనిషికో చూపించండి. వెండి తీగకు బంగారు పూత పూసిన పాత జరీకీ, రాగి తీగ జరీకీ, ప్లాస్టిక్ జరీకీ తేడా వాళ్ళు వేలితో తడిమి చెబుతారు. వెండి జరీ కాలంతో నల్లబడుతుంది, అది కూడా గాలి తగిలిన చోట ఎక్కువగా, దారాల మధ్య సందుల్లో తక్కువగా. ప్లాస్టిక్ జరీ అలా నల్లబడదు, అక్కడక్కడా పొర లేచిపోతుంది. సైనిక చరిత్ర తెలియని కారీగర్ మాట ఈ ఒక్క విషయంలో చాలామంది వ్యాపారుల మాట కంటే నమ్మదగినది.

ఇప్పుడు ఆ 40,000 రూపాయల ప్యాచ్. మెరిల్స్ మరోడర్స్ అంటే 5307వ కంపోజిట్ యూనిట్. దాదాపు 3,000 మంది, 1944 ఫిబ్రవరి నుంచి ఉత్తర బర్మా అడవుల్లో నడిచి, మే 17న మిచ్చినా విమానాశ్రయాన్ని పట్టుకున్నారు. జబ్బులతో, పోరాటంతో నలిగిపోయిన ఆ దళాన్ని ఆగస్టులో రద్దు చేశారు. యుద్ధకాలంలో వాళ్ళ ప్యాచ్‌కు అధికారిక గుర్తింపు లేదు. సైనికులు స్థానికంగా చేయించుకున్నవే. ఇప్పుడు ఈ ముక్కలన్నీ కలిపి చూడండి. మనుషులు తక్కువ, కాలం తక్కువ, ప్రమాణంగా చూపించదగ్గ అధికారిక నమూనా లేదు, పేరు మాత్రం చాలా గొప్పది. తరవాతి కాలపు అమెరికన్ సైన్యంలోని రేంజర్ దళాలు కూడా ఆ గుర్తును తమ వారసత్వంగా తీసుకున్నాయి. నకిలీ చేసేవాడికి ఇంతకంటే మంచి సరుకు ఉండదు, ఎలా చేసినా "స్థానికంగా చేసినది కదా, ఇలాగే ఉంటుంది" అని చెప్పుకోవచ్చు. దీని తరవాత తయారైన నకళ్ళు, పాత సైనికుల కలయికల కోసం చేసుకున్నవి, అమ్మకం కోసం చేసినవి కలిపి చూస్తే అసలైనవాటి కంటే చాలా ఎక్కువ. ఇంత అరుదైనదాన్ని మొదటి పెద్ద కొనుగోలుగా పెట్టుకోవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను.

కుటుంబం నుంచి వచ్చిందన్న కథ సంగతి. కథకు ధర కట్టకండి, కాగితానికి కట్టండి. ఆ సైనికుడి పేరు, ఆ యూనిట్‌లో ఉన్నట్టు డిశ్చార్జి పత్రం, ప్యాచ్ పెట్టుకున్న ఫొటో, దానితో పాటు వచ్చిన ఉత్తరాలు ఉంటే అవి చూపించమనండి. అవి ఉన్నా, ఆ పత్రాలూ ఈ ప్యాచూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయా అని అడగాలి. నిజమైన పత్రాల పక్కన నకిలీ ప్యాచ్ పెట్టి అమ్మడం, నిజమైన పాత కోటు మీద కొత్త ప్యాచ్ కుట్టడం ఈ రంగంలో బాగా తెలిసిన పద్ధతులు. కోటు మీద ఉంటే ప్యాచ్ అంచు కాస్త ఎత్తి చూడాలి. దశాబ్దాలు అక్కడే ఉన్న ప్యాచ్ కింద గుడ్డ వెలవకుండా ఉంటుంది.

ఆయనకు ఇలా రాయండి: వెనకవైపు ఫొటోలు రెండు, పగటి వెలుగులో, దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి పంపమనండి. అంచు ఫొటో ఒకటి. చేతికి వచ్చాక పదిహేను రోజుల్లో వేరేవాళ్ళకు చూపించి, నచ్చకపోతే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తానని రాతపూర్వకంగా ఇవ్వమనండి. బిల్లు మీద "1944 నాటిది, ఇండియాలో తయారైనది" అని స్పష్టంగా రాయమనండి. నిజాయితీగా అమ్మేవాళ్ళకు ఇవేవీ కష్టం కాదు. రేపటి గడువు గురించే మళ్ళీ మాట్లాడితే ఆ సంభాషణ అక్కడితో ఆపెయ్యండి.

పోల్చి చూడటానికి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణ మంచి ఆధారం. ఫార్మేషన్ బ్యాడ్జీలు ఫొటోలతో సహా వాళ్ళ ఆన్‌లైన్ జాబితాలో ఉన్నాయి. అమెరికన్ ప్యాచ్‌లకైతే 1937 నుంచి ఉన్న అమెరికన్ సొసైటీ ఆఫ్ మిలిటరీ ఇన్‌సిగ్నియా కలెక్టర్స్ ఉంది. మీ బావ అక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ళ సమావేశాలకు వెళ్ళి చూడమనండి. చేత్తో పట్టుకున్న అసలైన చవక ప్యాచ్‌లు ఫొటోల కంటే ఎక్కువ నేర్పుతాయి. అందుకే విరివిగా దొరికే అమెరికన్ డివిజన్ ప్యాచ్‌లు కొన్ని కొనుక్కుని, దారం, అంచు, వెనకవైపు మీ వేళ్ళకు అలవాటయ్యేదాకా చూసుకోండి.

చట్టం గురించి ఒక్క మాట. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందకు రావచ్చు, అలాంటివాటిని దేశం బయటికి పంపకూడదు. మీ కత్తి బ్యాడ్జికి ఇంకా ఆ వయసు రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి ఎప్పుడైనా దొరికితే మాత్రం బావకు పార్సిల్ చేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఈలోపు ఆ బ్యాడ్జిని ఉతకవద్దు, ఇస్త్రీ చెయ్యవద్దు, ల్యామినేషన్ అసలే వద్దు. ఆమ్లం లేని కాగితంలో పెట్టి, ఎండ తగలని పొడి చోట ఉంచండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో, అమ్మినాయన ఏం చెప్పాడో ఒక చీటీ మీద రాసి దానితోనే పెట్టండి. పాలిస్టర్ దారం, ఫ్యూజింగ్ లేవని తేలితే దాని వెనకవైపు ఫొటో నాకు పంపండి. గుడ్డ నేత, కుట్టు పద్ధతి చూసి అది 1947కు ముందుదిగా కనిపిస్తుందో లేదో నా అభిప్రాయం రాస్తాను.